పాడైన బ్యాటరీలు - తోటివారి హక్కులు

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన భూమిని మనకు నివాసంగా చేశాడు. ఇనుమును, రాగిని, సీసాన్ని దాని గర్భంలో ఉంచి, వాటి ద్వారా మేలు పొందే తెలివిని మానవునికి ప్రసాదించాడు. మనం ఆయన్నే స్తుతిస్తున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము, మన మనస్సులలోని కీడు నుండి ఆయన శరణు వేడుకుంటున్నాము. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ శుభాలు, శాంతి వర్షించుగాక!

అమ్మా బాద్.

గౌరవనీయులైన పెద్దలారా! ప్రియమైన సోదరులారా! పరదా వెనుక ఆలకిస్తున్న తల్లులారా, సోదరీమణులారా!

ముందుగా మాకు మేము, ఆ తరువాత మీకు, అల్లాహ్ యెడల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా బోధిస్తున్నాము. నమాజు సఫ్‌లో నిలబడినప్పుడు మనతో ఉండే తఖ్వా, అంగడిలో తక్కెడ పట్టుకున్నప్పుడూ మనతో ఉండాలి. ఇంట్లో చెత్తబుట్ట మూత ఎత్తేటప్పుడు కూడా అది మనతో ఉండాలి. ఈ చివరి మాట కొందరికి వింతగా తోచవచ్చు. ఈనాటి మన ప్రసంగం దాని గురించే.

చార్జింగ్ పెట్టుకుని వాడే వస్తువులు ఇప్పుడు లేని ఇల్లు లేదు. గడ్డం దిద్దుకునే ట్రిమ్మర్, దోమల బ్యాటు, ఎమర్జెన్సీ లైటు, టార్చి, చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాను, పవర్ బ్యాంకు, చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్స్, పిల్లల ఆటబొమ్మలు. ఇవి పనిచేసినంతకాలం అల్లాహ్ అనుగ్రహాలే. పాడైన రోజున వాటిని మనం ఏం చేస్తున్నాము? ఆ పని వల్ల ఎవరికి ఏం జరుగుతోంది? దాని గురించి అల్లాహ్ సమక్షంలో మనం ఏం జవాబు చెప్పుకుంటాము?

సోదరులారా!

కొన్ని నెలల క్రితం జరిగిన ఒక సంగతిని మీ ముందుంచుతున్నాము. ఇందులో తప్పు ఇతరులది కాదు, మాది. మా ఇంట్లో ఒక ట్రిమ్మర్ ఉండేది. నాలుగేళ్ళు చక్కగా పనిచేసింది. ఆ తరువాత ఎంతసేపు చార్జింగ్ పెట్టినా రెండు నిమిషాలకే ఆగిపోసాగింది. ఒకరోజు ఫజర్ నమాజు నుండి వచ్చాక దాన్ని నల్లటి కవర్లో చుట్టి, పాత కాగితాలతో పాటు చెత్త బండికి ఇచ్చేశాము. ఇంట్లో పనికిరాని వస్తువు ఒకటి తగ్గిందని అనుకున్నాము. అది ఎక్కడికి వెళుతుందో, ఎవరి చేతిలో పడుతుందో ఆలోచించలేదు.

ఆ ఉదయమే మా వీధి చివర, బండిలోని చెత్తను కాలితో అదిమి చోటు చేస్తున్న కార్మికునికి ఒక సంచిలో నుండి పొగ రావడం కనిపించింది. చూస్తుండగానే మంట లేచింది. బండి అంటుకుంటుందన్న భయంతో ఆయన ఆ సంచిని చేత్తోనే లాగి రోడ్డు మీదకు విసిరాడు. పక్కన ఇల్లు కడుతున్నవారి ఇసుక తెచ్చి పోస్తే మంట అణిగింది. ఆయన కుడి అరచెయ్యి మాత్రం కాలిపోయింది.

అస్ర్ నమాజుకు వస్తూ ఈ కబురు విన్నాము. ఆ సంచి మా ఇంటిదేనని రుజువు లేదు. ఆ వీధిలో నలభై ఇళ్ళకు పైగా ఉన్నాయి. అది మాది కాదని చెప్పుకునే ధైర్యం కూడా మాకు లేకపోయింది. రెండు రోజులు మౌనంగా ఉన్నాము. మూడవ రోజు జుమా. ఖుత్బాలో తోటి దాసుల హక్కుల గురించి చెప్పవలసి వచ్చినప్పుడు మాట గొంతులో ఆగిపోయింది. మరునాడు ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, జరిగినది చెప్పి, క్షమించమని అడిగాము. వైద్యానికైన ఖర్చు చేతిలో పెట్టాము.

ఆయన మన మతస్థుడు కాడు. కట్టు కట్టిన చేతితోనే కుర్చీ జరిపి మమ్మల్ని కూర్చోబెట్టాడు. కాసేపటికి ఇలా అన్నాడు: “ఇమాంసాబ్, ఏ ఇంటిదని అడగాల? కవర్లో ఏముందో మాకెట్ల తెలుస్తాది? ఒక మాట చెప్పింటే పక్కన పెట్టుకుంటిమి గదా.”

ఆ మాటలో కోపం లేదు. అందువల్లనే అది మమ్మల్ని ఎక్కువగా బాధించింది. ఒక మాట చెప్పడం, ఒక వస్తువును పక్కన పెట్టడం. ఇంత చిన్న పని చేయకపోవడం వల్ల ఒక మనిషి చెయ్యి కాలింది. ఆ మాటనే ఈ రోజు ఈ మింబర్ మీదకు తెచ్చాము.

ఈ చిన్న వస్తువుల లోపల ఏముంది?

సోదరులారా! విషయం అర్థం కావాలంటే ముందు ఇది తెలుసుకోవాలి. ఈనాటి ట్రిమ్మర్లు, ఫోన్లు, పవర్ బ్యాంకులలో ఎక్కువగా ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. దాని లోపల ధన ధ్రువపు పొర, రుణ ధ్రువపు పొర దగ్గర దగ్గరగా చుట్టబడి ఉంటాయి. ఆ రెండింటి మధ్య అడ్డంగా ఉండేది కాగితం కన్నా పలుచనైన ప్లాస్టిక్ పొర. ఇవన్నీ మంట అంటుకునే గుణం గల ద్రవంలో తడిసి ఉంటాయి. బ్యాటరీ మీద బరువు పడి నలిగినా, మేకు గుచ్చుకున్నా ఆ పలుచని పొర చిరిగిపోతుంది. రెండు ధ్రువాలు తగులుకుంటాయి, వేడి పుడుతుంది. ఆ వేడి మరింత వేడిని పుట్టిస్తుంది. ఒకసారి మొదలైతే అది లోలోపలే పెరిగి మంటగా బయటపడుతుంది. ఆ పొగ కూడా విషపూరితమైనది.

మరొక సంగతి. వస్తువు పనిచేయడం మానినంత మాత్రాన బ్యాటరీ చచ్చిపోయినట్లు కాదు. మోటారును తిప్పే శక్తి తగ్గినా, నిప్పు పుట్టించగలిగినంత శక్తి లోపల మిగిలి ఉండవచ్చు. మనం పాడైందని భావించే వస్తువు చెత్త బండిలో నలిగినప్పుడు మండడానికి కారణం ఇదే.

దోమల బ్యాట్లలో, పాత ఎమర్జెన్సీ లైట్లలో చాలావరకు సీసంతో, ఆమ్లంతో తయారైన చిన్న బ్యాటరీలు ఉంటాయి. పాత రకం ట్రిమ్మర్లలో, తీగలేని ఫోన్లలో నికెల్ కాడ్మియం బ్యాటరీలు ఉండేవి. కాడ్మియం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఎముకలలో చేరి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఇంత మోతాదు వరకు ఫర్వాలేదు అని చెప్పగలిగిన హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. వీటిని మట్టిలో పూడ్చితే నేలలోకి, కాలిస్తే గాలిలోకి, కాలువలో వేస్తే నీటిలోకి చేరతాయి. కంటికి కనిపించకుండా పోతాయే కానీ, నశించవు.

బాణపు మొనను పట్టుకోమన్న ప్రవక్త (స)

బ్యాటరీల గురించి షరీఅత్‌లో ఏముంటుందని ఎవరైనా అడగవచ్చు. పేరుతో లేకపోవచ్చు, కానీ దారి స్పష్టంగా ఉంది.

హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. బాణాలు పట్టుకుని మస్జిద్ గుండా గానీ, బజారు గుండా గానీ వెళ్ళేవాడు వాటి మొనలను చేతితో పట్టుకుని నడవాలని, ఆ మొన ఏ ముస్లింకూ గుచ్చుకోకుండా చూసుకోవాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఈ ఆజ్ఞను నిదానంగా ఆలోచించండి. బాణం ధర్మసమ్మతమైన వస్తువే. దాన్ని తీసుకెళుతున్నవాడు ఎవరికీ కీడు తలపెట్టలేదు. తన దారిన తాను పోతున్నాడు. అయినా అతని చేతిలోని వస్తువులో పదును ఉంది. ఆ పదును వల్ల కలిగే ప్రమాదాన్ని బాటసారుల మీద వేయకుండా, తన అరచేతితో తానే ఆపాలని ప్రవక్త (స) నేర్పారు. మీరే చూసుకుని తప్పుకోండి అని జనానికి చెప్పలేదు. బాణం ఎవరిదో బాధ్యత వారిదేనన్నారు.

మన ట్రిమ్మర్‌కు, పవర్ బ్యాంకుకు కూడా మొన ఉంది. అది పైకి కనిపించదు, అంతే. చెత్త బండి దగ్గర నిలబడిన మనిషికి మన కవర్లో ఏముందో తెలియదు. మనకు తెలుసు. తెలిసినవాడే మొనను పట్టుకోవాలి.

మదీనా బజారులో జరిగిన మరొక సంఘటన ముస్లిం గ్రంథంలో ఉంది. దైవప్రవక్త (స) ఒక ధాన్యపు కుప్ప దగ్గర ఆగి, అందులో చెయ్యి పెట్టారు. పైన పొడిగా ఉన్న ఆ ధాన్యం లోపల తడిసి ఉంది. వర్షానికి తడిసిందని అమ్మకందారు చెప్పుకున్నాడు. అలాగైతే తడిసినదాన్ని జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) నిలదీశారు. మోసం చేసేవాడితో తమకు సంబంధం లేదని హెచ్చరించారు. చెత్త అమ్మకపు వస్తువు కాదు కదా అని మనం అనుకోవచ్చు. లోపలి కీడును పైపొర కింద దాచి ఎదుటివారి చేతికి ఇవ్వడంలో రెండూ ఒకటే. కాగితాల కింద బ్యాటరీని దాచి ఇవ్వడం తడి ధాన్యాన్ని పొడి ధాన్యం కింద దాచడం వంటిదే.

ఫిఖ్ పండితులు తమ శాస్త్రాన్ని నిలబెట్టిన ఐదు మూల సూత్రాలలో ఒకటి, హాని ఎక్కడ ఉన్నా దాన్ని తొలగించాలి అన్నది. మరొకరి ప్రాణానికో, సొమ్ముకో నష్టం కలిగించినవాడు ‘నాకు తెలియదు’ అన్నంత మాత్రాన బాధ్యత నుండి తప్పించుకోలేడని ‘జమాన్’ ప్రకరణంలో వారు వివరంగా చర్చించారు. తెలియక చేసినదాన్ని అల్లాహ్ క్షమించవచ్చు. ఈ రోజు ఖుత్బా విన్న తరువాత మనలో ఎవరమూ తెలియదని చెప్పుకోలేము.

ఆ మొన ఎవరికి గుచ్చుకుంటోంది?

ప్రియ సోదరులారా! మన చెత్తను ముందుగా తాకేది పారిశుద్ధ్య కార్మికుడు. తరువాత చెత్తకుప్పల్లో ఏరుకునే స్త్రీలు, పిల్లలు. ఆ తరువాత పాత సామాన్లు కొనేవారు. వారిలో మన బిడ్డలు ఎంతమంది ఉన్నారో మీకు వేరే చెప్పనక్కరలేదు. మన ఊళ్ళలో తోపుడు బండి మీద పాత ఇనుము కొనే సోదరుడు ఏ మొహల్లా నుండి వస్తాడో మనకు తెలుసు. ఢిల్లీలోని సీలంపూర్ పాత ఎలక్ట్రానిక్ వస్తువులను విప్పి లోహాలు తీసే పనికి పేరుపడిన ప్రాంతం. అక్కడి నివాసులలో ముస్లింలే అధికం. ముఖానికి గుడ్డ కూడా లేకుండా తీగలు కాల్చి రాగి తీసే చోట, సుత్తితో బ్యాటరీ పగులగొట్టి సీసం తీసే చోట, అల్లాహ్ పేరు పలికే నోళ్ళే ఆ పొగను పీలుస్తున్నాయి.

దీని పర్యవసానం ఎంత దారుణంగా ఉండగలదో తెలుసుకోవడానికి ఒక ఉదాహరణ చాలు. ఆఫ్రికాలోని సెనెగల్ ముస్లింలు అధిక సంఖ్యలో నివసించే దేశం. దాని రాజధాని డకార్ శివార్లలో తియారోయ్ సుర్ మేర్ అనే పేట ఉంది. అక్కడ చాలా ఏళ్ళుగా పాత సీసపు బ్యాటరీలను పగులగొట్టేవారు. అవి ఎక్కువగా వాహనాల బ్యాటరీలే గానీ, లోపలి పదార్థం మన ఎమర్జెన్సీ లైటులో ఉండేదే. సీసం ధర పెరగడంతో, అక్కడి ఇసుకను జల్లెడ పట్టి సీసపు ముక్కలు ఏరి అమ్ముకోవచ్చని పేదలు గ్రహించారు. ఇసుకను సంచులకెత్తి ఇళ్ళకు తెచ్చుకున్నారు. తల్లులు జల్లిస్తుంటే పిల్లలు పక్కనే ఆడుకున్నారు. 2007 చివర, 2008 తొలి నెలలలో ఆ పేటలో 18 మంది చిన్నపిల్లలు మరణించారు. కారణం సీసపు విషమని తరువాత తేలింది. ఆ బ్యాటరీలను పారవేసిన వాహనదారులలో ఒక్కరికైనా ఆ పిల్లల పేర్లు తెలిసి ఉంటాయా?

మనలను భయపెట్టవలసింది ఈ ప్రశ్నే. నమాజులు, ఉపవాసాలు, జకాత్ మూటగట్టుకుని ప్రళయదినాన వచ్చే ఒక మనిషి గురించి ప్రవక్త (స) సహచరులకు చెప్పారు. అతను ఒకరిని తిట్టి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు, ఒకరిని కొట్టి ఉంటాడు. బాధితులు వరుసగా వచ్చి అతని పుణ్యాలను పంచుకుంటారు. పుణ్యాలు అయిపోతే వారి పాపాలు అతని నెత్తిన పడతాయి. అసలైన దివాలాకోరు అతడేనని ప్రవక్త (స) బోధించారు. అల్లాహ్ హక్కులో లోపం చేస్తే తౌబాతో ఆయన వైపు మరలవచ్చు. దాసుని హక్కులో లోపం చేస్తే ఆ దాసుని దగ్గరకే వెళ్ళి క్షమాపణ అడగాలి. దీనారు, దిర్‌హమ్ పనికిరాని ఆ రోజు రాకముందే అడిగి, లెక్క సరిచేసుకోవాలని కూడా ఆయన (స) తాకీదు చేశారు.

అడుగుదామంటే ఎవరిని అడగాలి? మేము అదృష్టవంతులం. మా వీధిలోనే జరిగింది, వెళ్ళి అడగగలిగాము. మనం పదేళ్ళలో పారవేసిన బ్యాటరీలు ఎవరి చేతిలో పేలాయో, ఎవరి బావిలోకి చేరాయో మనకు తెలియదు. సొమ్ము బాకీ ఉన్న మనిషి ఆచూకీ దొరకకపోతే అతని తరఫున సదఖా చేసే మార్గాన్ని ఉలమాలు చూపారు. కాలిన చేతికి, ఎదగని పిల్లవాని మెదడుకు ఏ సదఖా సరిపోతుంది? పేరు తెలియని మనిషికి చేసే కీడు అన్నిటికన్నా బరువైన కీడు. అందుకే ముందే మొనను పట్టుకోవడం తప్ప మనకు వేరే రక్షణ లేదు.

సదఖా పేరుతో చేసే మరొక పొరపాటు

ఇక్కడే ఇంకొక మాట చెప్పాలి. ఉబ్బిపోయిన పవర్ బ్యాంకును, షాకు కొట్టే దోమల బ్యాటును పనిమనిషికో, కాపలాదారుకో ఇచ్చి పుణ్యం వచ్చిందని సంతోషించేవారు ఉన్నారు. మనకే ఇస్తే కళ్ళు మూసుకుని తప్ప తీసుకోలేనటువంటి నాసిరకం వస్తువులను దైవమార్గంలో ఇవ్వవద్దని అల్లాహ్ అల్ బఖరా సూరా 267వ ఆయతులో వారించాడు. బాగా పనిచేసే వస్తువునే ఇవ్వండి. చిన్న లోపం ఉంటే చెప్పి ఇవ్వండి, లేదా బాగుచేయించి ఇవ్వండి. ప్రమాదకరమైనదాన్ని ఎవరికీ ఇవ్వవద్దు.

అలాగే, కొనేటప్పుడే నిగ్రహం అవసరం. దుబారా చేసేవారిని షైతాను సోదరులుగా ఖుర్ఆన్ పేర్కొన్నది. బ్యాటరీ మార్చితే మరో నాలుగేళ్ళు పనిచేసే వస్తువును పారవేసి కొత్తది కొనడం దుబారా కాక మరేమిటి? బ్యాటరీ మార్చడానికి వీలున్న వస్తువును ఎంచుకుంటే సొమ్ము మిగులుతుంది, చెత్త తగ్గుతుంది.

ఇళ్ళలో మనం పాటించవలసినవి

సోదరీ సోదరులారా! హితవు చెప్పి దారి చూపకపోతే అది సగం హితవే. అందువల్ల చేయవలసిన పనులను వరుసగా చెబుతున్నాము.

మొదటిది: చార్జింగ్‌తో పనిచేసే ఏ వస్తువునైనా, దాని బ్యాటరీనైనా మామూలు చెత్తలో వేయవద్దు. తడి చెత్తలో వద్దు, పొడి చెత్తలో కూడా వద్దు. ఆ వస్తువు మీదనో, డబ్బా మీదనో చక్రాల చెత్తబుట్ట బొమ్మ, దానిపై ఇంటూ గుర్తు ఉంటాయి. ఆ గుర్తుకు అర్థం ఇదే.

రెండవది: పారవేయదలచిన వస్తువును చార్జ్ పూర్తిగా తగ్గేవరకు వాడి పక్కన పెట్టండి. మళ్ళీ చార్జ్ చేయవద్దు. బ్యాటరీ సులభంగా బయటకు వచ్చేదైతే తీసి, దాని లోహపు కొసల మీద ప్లాస్టిక్ టేపు అంటించండి. మొనను చేతితో పట్టుకోవడమంటే మన కాలంలో ఇదే. బ్యాటరీ లోపలే బిగించి ఉంటే కత్తితో, స్క్రూడ్రైవర్‌తో పెకిలించవద్దు. వస్తువును ఉన్నది ఉన్నట్లుగా అప్పగించండి.

మూడవది: ఉబ్బిన, కారుతున్న, వేడెక్కుతున్న బ్యాటరీని నొక్కవద్దు, గుచ్చవద్దు. ఇసుక పోసిన మట్టికుండలోనో, ఇనుప డబ్బాలోనో ఉంచి, మూత బిగించకుండా, ఇంటి బయట నీడన, గుడ్డలకూ కాగితాలకూ దూరంగా పెట్టండి. వీలైనంత త్వరగా అప్పగించండి. మంట లేస్తే ఆ పొగలో నిలబడి సాహసం చేయవద్దు. ఇంట్లోవారిని బయటకు తెచ్చి అగ్నిమాపక దళానికి 101కు ఫోన్ చేయండి.

నాల్గవది: ఎవరికి అప్పగించాలి? మన దేశంలో 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చాయి. అంతకు ముందున్న 2001 నాటి నియమాలు సీసపు బ్యాటరీలకే పరిమితం. కొత్త నియమాలు అన్ని రకాల బ్యాటరీలకూ వర్తిస్తాయి. బ్యాటరీలు తయారుచేసే, దిగుమతి చేసే కంపెనీలే పాతవాటిని సేకరించి రీసైక్లింగ్ చేయించాలని అవి నిర్దేశించాయి. పాత బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకుండా వేరుగా ఉంచి, సేకరించేవారికి లేదా రీసైక్లింగ్ చేసేవారికి అప్పగించే బాధ్యతను వినియోగదారుని మీద పెట్టాయి. అందువల్ల వస్తువు కొన్న దుకాణంలో, ఆ కంపెనీ సర్వీసు కేంద్రంలో ముందుగా అడగండి. కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైన రీసైక్లింగ్ సంస్థలు ఉన్నాయి, వారికి ఇవ్వవచ్చు. పురపాలక సిబ్బంది ప్రమాదకరమైన చెత్తను వేరుగా తీసుకునే చోట, ఇది బ్యాటరీ అని నోటితో చెప్పి చేతికివ్వండి. ఆ ఒక్క మాట మరచిపోవద్దు.

ఐదవది: పాత సామాన్ల సోదరునికి కిలో లెక్కన అమ్మితే నాలుగు రూపాయలు వస్తాయి, నిజమే. ఆయన దాన్ని సుత్తితో పగులగొట్టిస్తాడో, సక్రమంగా చేసే చోటికి చేరుస్తాడో తెలుసుకోకుండా అమ్మవద్దు. ఆయనకు ఇతర పాత సామాన్లు ఇవ్వండి, ఆయన జీవనోపాధి నిలవాలి. బ్యాటరీని తన పిల్లల చేత పగులగొట్టించవద్దని ప్రేమతో చెప్పండి. ఆయన మన సోదరుడే.

ఆరవది: ఇషా తరువాత చార్జింగ్ పెట్టి ఫజర్ వరకు వదిలేసే అలవాటు మానుకోవాలి. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా కాలిపోయినప్పుడు, నిప్పు మీకు శత్రువని, నిద్రపోయే ముందు దాన్ని ఆర్పివేయాలని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఎలుక దీపపు వత్తిని ఈడ్చుకెళ్ళి ఇంటిని తగలబెట్టవచ్చునని కూడా మరో హదీసులో చెప్పారు. ఆనాటి వత్తి స్థానంలో ఈనాడు దిండు కింద చార్జింగ్‌లో ఉన్న ఫోను ఉంది. మెలకువగా ఉన్నప్పుడు, గట్టి నేల మీద, పరుపుకు దూరంగా చార్జింగ్ పెట్టుకోండి. నిద్రకు ముందు స్విచ్ ఆపండి. ఆ కాస్త శ్రమ ప్రవక్త (స) ఆజ్ఞను పాటించిన సంకల్పంతో చేస్తే, ఇన్షా అల్లాహ్, పుణ్యంగా కూడా వ్రాయబడుతుంది.

అల్లాహ్ మనందరికీ విన్నదాన్ని ఆచరించే భాగ్యం ప్రసాదించుగాక! మా కోసం, మీ కోసం, సమస్త ముస్లింల కోసం అల్లాహ్ క్షమాభిక్షను వేడుకుంటున్నాము. మీరూ ఆయన్ని క్షమాపణ వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త (స) పై శుభాలు, శాంతి కలుగుగాక!

సోదరులారా! దైవప్రవక్త (స) మస్జిదును ఊడ్చి శుభ్రం చేసే ఒక నల్లని వ్యక్తి ఉండేవారు. ఆమె స్త్రీ అని చాలా ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. కొన్నాళ్ళు కనిపించకపోతే ప్రవక్త (స) ఆరా తీశారు. చనిపోయారని సహచరులు చెప్పారు. చిన్న విషయమని భావించి తమకు తెలియజేయలేదని తెలిసి, ఆయన (స) సమాధి ఎక్కడో చూపించమని అడిగి వెళ్ళి, అక్కడ నమాజు చేసి ప్రార్థించారు. చెత్త ఎత్తే మనిషిని లోకం చిన్నగా చూసింది. ఆ మనిషి కోసం ప్రవక్త (స) స్వయంగా సమాధి వరకు నడిచి వెళ్ళారు. మన గుమ్మం ముందు రోజూ నిలబడే మనిషి పేరైనా మనకు తెలుసా? ఈ వారం తెలుసుకోండి. ఆయన మతమేదైనా మనకు పొరుగువాడే, మన సేవ చేసేవాడే.

దారిలోని ముళ్ళకొమ్మను తొలగించిన ఒక వ్యక్తిని అల్లాహ్ మన్నించి క్షమించాడని హదీసులో ఉంది. దారి నుండి బాధించే వస్తువును తీయడం ఈమాన్ శాఖలలో ఒకటి అయినప్పుడు, దారిలోకి బాధించే వస్తువును వదలడం ఏ శాఖ అవుతుందో ఎవరికి వారే ఆలోచించుకోండి.

మన మస్జిద్ కమిటీకి కూడా ఒక విన్నపం. మస్జిద్ సామాన్ల గదిలో పాత ఎమర్జెన్సీ లైట్లు, మైకుల బ్యాటరీలు ఏళ్ళ తరబడి పడి ఉన్నాయి. అవి వక్ఫ్ సొత్తు, మన దగ్గర అమానతు. వాటిని నమోదైన సంస్థకు అప్పగించి రసీదు తీసుకుందాము. ఆ తరువాత మొహల్లావారి పాత బ్యాటరీల కోసం కూడా ఒక రోజును నిర్ణయిద్దాము. తీసుకెళ్ళేవారితో ముందుగా మాట్లాడుకుని, ఆ రోజే సేకరించి, ఆ రోజే పంపివేద్దాము. మస్జిదులో ఒక పెట్టె పెట్టి మరచిపోతే అదే కొత్త ప్రమాదమవుతుంది. చాపల దగ్గర, చెప్పుల అరల దగ్గర అటువంటి పెట్టె ఎన్నడూ ఉండరాదు.

యువకులారా! ఇందులో మీ సహాయం కావాలి. పెద్దలకు ఏ వస్తువులో ఏ బ్యాటరీ ఉందో తెలియదు. మీకు తెలుసు. ఈ సాయంత్రం ఇంట్లో బల్ల సొరుగులు తెరిచి చూడండి. పనిచేయని వస్తువులను ఏరి, కొసలకు టేపు అంటించి, పిల్లలకు అందని చోట పెట్టండి. బొత్తాం లాంటి చిన్న బ్యాటరీలు కనిపిస్తే మరింత జాగ్రత్త పడండి. పసివాడు దాన్ని మింగితే రెండు గంటలలోనే అన్నవాహిక లోపల కాలిపోవచ్చు. అటువంటి అనుమానం కలిగిన క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

రండి, దుఆ చేద్దాము.

ఓ అల్లాహ్! మా చేతుల వల్ల, మా నాలుకల వల్ల నీ దాసులెవరికీ బాధ కలగకుండా మమ్మల్ని కాపాడు. ఓ అల్లాహ్! మేము తెలిసీ తెలియకా పారవేసిన వాటి వల్ల గాయపడినవారు ఎవరో మేమెరుగము, నీవు ఎరుగుదువు. వారికి స్వస్థత చేకూర్చు, వారి హృదయాలలో మా పట్ల క్షమను కలిగించు, తీర్పుదినాన వారి ముందు మమ్మల్ని అవమానం పాలు చేయకు. మా వీధులను శుభ్రపరిచేవారికి, చెత్త ఏరుకుని బ్రతికేవారికి, వారి పిల్లలకు ఆరోగ్యాన్ని, గౌరవప్రదమైన ఉపాధిని ప్రసాదించు. మా ఇళ్ళను, మస్జిదులను, మా దేశవాసులందరినీ అగ్ని ప్రమాదాల నుండి కాపాడు. ఇహలోకపు నిప్పు నుండి, పరలోకపు నరకాగ్ని నుండి మమ్మల్ని రక్షించు.

ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.